కప్ప క్లోమంలో ఒక గీత

1951 సెప్టెంబర్ 10

ఇది కప్పల రిజిస్టరు. ముందు పేజీల్లో ఎన్ని వచ్చాయి, ఎన్ని చచ్చాయి అన్న వివరం ఉంటుంది, అదీ నా చేతిరాతే. వెనక నుంచి మొదలుపెట్టి ఇది రాస్తున్నాను. కణజాలాల్ని పరిశీలించే మా హిస్టాలజీ శాఖలో ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు, బురద కంపు కొడుతుంది. నా గది తాళంచెవి పక్క గది ఆవిడ దగ్గర కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏదీ దాచలేను. నలభై మూడేళ్లు వచ్చాక డైరీ ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు. తెలుసు గానీ ఇవాళ రాయను.

వోల్గా అవతలి మడుగుల నుంచి నూట అరవై కప్పలు వచ్చాయి. నేలమాళిగలో వాటిని చూసుకునే పోల్యా పిన్ని గోతాం మూతి విప్పుతూనే సణుగుడు మొదలుపెట్టింది.

"మనిషికి నెలకో మాంసం ముక్క దొరకదు గానీ, వీటికి మాత్రం సర్కారు నీళ్లు, సర్కారు మంచుగడ్డలు! ఒళ్లు చూడు, ఎలా నిగనిగలాడుతున్నాయో!"

"ఇవీ ఉద్యోగస్తులే పిన్నీ. చచ్చేదాకా డ్యూటీ," అన్నాను.

"మరి పెన్షనో?"

"నీకుందా, నాకుందా?"

పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తలుపు వేసి ఉందో లేదో తర్వాత చూసుకున్నాను. వేసే ఉంది.

సెప్టెంబర్ 17

కొత్త పరిశోధక విద్యార్థిని చేరింది. పేరు రౌజా. తాతార్ల పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు. యుద్ధంలో నాలుగేళ్లు నర్సుగా చేసి ఆ తర్వాత మెడిసిన్ చదివింది. ఎడమ కనుబొమ్మని సగానికి కోసేసిన మచ్చ ఉంది. మొదటిరోజే నన్ను "అపా" అని పిలిచింది. వాళ్ల భాషలో అక్క అని. ఈ శాఖలో పదిహేడేళ్లుగా నేను అగ్నియా ల్వోవ్నానే, ఇంకెవరికీ ఏమీ కాను. లోపల బాగానే అనిపించింది, పైకి మాత్రం మొహం ముడుచుకున్నాను.

ప్రొఫెసర్ వికెంతీ అర్సేనియెవిచ్ ఆమెకి థీసిస్ అంశం ఇచ్చారు: తోకలేని ఉభయచరాల క్లోమానికి నరాల సరఫరా. అంటే కప్ప క్లోమం. అంటే ఆయన సొంత పుస్తకం.

"దారి నేను వేసేశానమ్మాయ్. నువ్వు చెప్పులేసుకుని నడిస్తే చాలు," అన్నారు.

ఆ పుస్తకం 1938లో వచ్చింది. మెదడు నుంచి దిగే వేగస్ నరం కప్ప క్లోమంలోకి వెళ్లి, రక్తంలో చక్కెరని అదుపుచేసే కణాల గుంపుల్లో ఒక్కో కణం చుట్టూ వలలా అల్లుకుని ఆగుతుందని అందులో ఉంది. మధ్యలో ఇంకో నరకణం సాయం లేదు, తిన్నగా మెదడు నుంచే. ఆరో బొమ్మలో అది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోయిన ఏడాది మాస్కోలో పార్టీ అండతో పెద్ద సమావేశం జరిగి, నరం ఆజ్ఞ లేకుండా ఒంట్లో ఏదీ కదలదన్న నరవాదమే నిజమని తేల్చేశాక ఆ బొమ్మకి రోజులొచ్చాయి. ఇప్పుడు ప్రతి క్లాసు గోడకీ అదే వేలాడుతోంది.

ఆరో బొమ్మ గీసింది నేను.

సెప్టెంబర్ 28

రౌజాకి వెండి పని, అంటే మైక్రోస్కోపులో నరాలు నల్లగా కనబడేలా చెయ్యడం, నేర్పుతున్నాను. ఫార్మలిన్‌లో గట్టిపడిన క్లోమాన్ని గడ్డకట్టించి పల్చగా కోసి, ఒక్కో ముక్కనీ గాజు కొక్కెంతో ఎత్తి వెండి నైట్రేటులో ముంచాలి. ఆపైన మళ్లీ ఫార్మలిన్, ఆపైన అమ్మోనియా కలిపిన వెండి. ఒక్క క్షణం ఎక్కువైతే అంతా మసి, తక్కువైతే ఏమీ కనబడదు. కుళాయి నీళ్లు తగిలితే సర్వనాశనం. నెల తిరక్కుండానే వేళ్లు నల్లబడతాయి. నావి 1934 నుంచీ నలుపే.

"అపా, ఈ పోగు నరమేనా?"

చూశాను. "కాదు. కణాల్ని పట్టి ఉంచే పీచు. వల లాంటిది."

"ఇదీ నల్లగానే ఉందిగా?"

"వెండి రెండింటినీ నల్లగానే చేస్తుంది."

"మరి ఏది ఏదో మీకెలా తెలుస్తుంది?"

"ఏళ్ల తరబడి చూస్తే తెలుస్తుంది."

"అయితే సాక్ష్యం చెప్పేది వెండి కాదన్నమాట. మీ కళ్లు," అని నవ్వింది. నవ్వినప్పుడు ఆ తెగిన కనుబొమ్మ రెండు ముక్కలూ విడివిడిగా పైకి లేస్తాయి. నేను ముక్కల పళ్లెం మార్చాను.

అక్టోబర్ 11

పొద్దున్నే వచ్చి నా బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"అపా, డెబ్భై స్లైడులు చూశాను. మీ ఆరో బొమ్మలో వేగస్ పోగు వచ్చి కణాల చుట్టూ ఉన్న వలలో కలుస్తుంది చూశారూ, ఆ చోటు నాకెక్కడా దొరకట్లేదు. పోగు గుంపు అంచుదాకా వస్తుంది, ఆగిపోతుంది. వల దారి వలది. ఆ వలని పట్టుకుని వెనక్కి వెళ్తే క్లోమం పైపొరలో తేలుతున్నాను. నాకైతే అది నరమే కాదనిపిస్తోంది. వట్టి పీచు."

"నీకు వెండి బాగా రాలేదు. మళ్లీ చెయ్యి."

"బొమ్మ వేసిన అసలు స్లైడు ఉందా?"

"వెతకాలి," అన్నాను.

అది 214. నల్ల పెట్టెలో రెండో వరసలో ఉంది. వెతకక్కర్లేదు.

అక్టోబర్ 12

214 జోలికి వెళ్లలేదు.

అక్టోబర్ 13

వెళ్లలేదు.

అక్టోబర్ 22

ఈ పిల్ల మొండిఘటం. నరాన్ని కోసేసి చూస్తానంటోంది. కోసిన నరం మెదడుకి దూరమై కొన్ని వారాల్లో చస్తుంది, పూసలు తెగిన దండలా ముక్కలవుతుంది. కణాల చుట్టూ ఉన్న వల నిజంగా వేగస్‌దే అయితే అదీ చావాలి. పీచైతే దానికేం కాదు, నిక్షేపంగా ఉంటుంది. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే పరీక్ష. పదిహేనేళ్లలో మాకెవరికీ ఎందుకు తట్టలేదు?

ప్రొఫెసర్ గారు ఒప్పుకున్నారు. "కానీ, కానీ! వల మాయమవుతుంది, నీ థీసిస్‌కి ఇంకో అధ్యాయం కలిసొస్తుంది," అన్నారు. ఆయన నమ్ముతున్నారు. అది చూస్తే నాకు ఎలాగో అయింది.

ఆరు కప్పలకి కోసింది. యుద్ధంలో తల దగ్గర గుళ్లు పడుతుంటే కుట్లు వేసిన చెయ్యి, వణుకన్నది లేదు. కోసిన కప్పలకి గుర్తుగా కాలికి ఎర్రదారం కట్టాం. చలిలో కప్ప నరం చావడానికి చలికాలమంతా పడుతుంది, వెచ్చగా ఉంటే నెల చాలు. అందుకని తొట్టిని శాఖలో మా పనిగదిలో, చలికి వెచ్చబెట్టే పొయ్యిగోడ పక్కన పెట్టాం.

నవంబర్ 24

ఒకటి చచ్చింది, అయిదు మిగిలాయి. అయిదింటిలోనూ ఒకటే. వేగస్ పోగులు పూసలు పూసలుగా తెగి ఉన్నాయి. వల చెక్కుచెదరలేదు.

రౌజా నా రెండు చేతులూ పట్టుకుని గది మధ్యలో గిర్రున తిప్పింది. తేనెపాకం పట్టిన పిండిముద్దలు వాళ్లమ్మ పంపిందట, అందరికీ పంచింది. పోల్యా పిన్నికి రెండు.

"పెళ్లా?" అంది పోల్యా పిన్ని.

"అంతకంటే పెద్దది పిన్నీ. ఆ వల నరం కాదు!"

"కాకపోతే పోనీ తల్లీ. దానికి ముద్దలెందుకూ, ఏదైనా అయ్యాక పంచాలి గానీ."

నాకు భయం వేసింది. ఇంకో మాట రాయడానికి లేదు, భయమే వేసింది. నా ముద్దని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను.

ప్రొఫెసర్ గారు కాగితాలు చదివి, "అయిదు కప్పలతో శాస్త్రం మారదు. ఇరవై చూపించు," అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నవంబర్ 26

ఇంకో పద్ధెనిమిదింటికి కోసింది. ఎర్రదారం అయిపోతే నా పాత స్వెటర్ విప్పి ఇచ్చాను.

డిసెంబర్ 3

పొయ్యి పక్క తొట్టిలో ఏడు చచ్చాయి. ఎర్రకాళ్ల జబ్బు. వెచ్చదనంలో అది గుంపంతా పాకుతుంది, తెలిసిందే. అందుకే మిగిలిన పదకొండింటినీ నేలమాళిగకి, మంచుగడ్డల పక్కకి మార్చాను. కప్పల మేలు కోసమే. ఇక్కడ ఉంచితే అన్నీ పోయేవి.

రౌజా వచ్చి ఖాళీ తొట్టి చూసింది.

"చలిలో నరం చావదు అపా. ఏప్రిల్ దాకా ఆగాలి. జనవరిలో శాఖ సమావేశంలో నేనేం చూపించను?"

"చచ్చిన కప్పల్ని చూపిస్తావా మరి?"

కప్పల మేలు కోసమే మార్చాను.

డిసెంబర్ 4

నాలుగైనా ఇక్కడే బతకడానికి తొట్టి కడిగి, జబ్బు లేనివాటిని వేరుచేసి ఉంచితే సరిపోయేది. పదిహేడేళ్ల అనుభవం నాది. అది నాకు తెలియదా?

డిసెంబర్ 9

రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

1937లో ఉద్యోగుల వివరాల పత్రాలు మళ్లీ నింపమన్నారు. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర నా కలం ఆగిపోయింది. నాన్న చర్చిలో ఫాదర్. ఆ ఏడాది ఆ మాట రాసినవాళ్లు మర్నాడు పనికి రాలేదు, రాత్రికి రాత్రే పట్టుకుపోయారు. వికెంతీ అర్సేనియెవిచ్ నా వెనక నిలబడి నెమ్మదిగా, "మీ నాన్నగారు పిల్లలకి చదువు చెప్పేవారు కదూ? టీచరని రాయండి. అబద్ధం కాదుగా," అన్నారు. రాశాను. కింద సాక్షి సంతకం ఆయనే పెట్టారు. దొరికితే ఇద్దరం పోయేవాళ్లం.

ఆ చలికాలమే ఆరో బొమ్మ గీశాను. అప్పట్లో మైనంలో కోసేవాళ్లం, ముక్కలు వరసగా వచ్చేవి. 214లో పోగు వచ్చి ఆగిపోయింది. వలకీ దానికీ మధ్య చిన్న ఖాళీ. 215లో చూశాను, అక్కడా ఖాళీయే. ఆయన నా భుజం మీదుగా చూసి, "అది కలవాలి అగ్నియా ల్వోవ్నా. కలవకపోతే ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఆజ్ఞాపించలేదు. బతిమాలలేదు. నిజంగానే అడిగారు, ఇల్లు తెలియని మనిషి దారి అడిగినట్టు. నేను పెన్సిల్ పెట్టి కలిపాను. కాగితం మీద గోరంత కూడా లేదు ఆ గీత.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి అని అందరూ ఆయన్ని ఆడిపోసుకుంటారు. నాలుగో కాలు చెరిపింది నేనని ఎవరికీ తెలియదు.

డిసెంబర్ 20

ప్రొఫెసర్ గారు టీకి పిలిచారు. చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకుని చప్పరిస్తూ చాలాసేపు చలి గురించి మాట్లాడారు. తర్వాత అడిగారు.

"మీ నాన్నగారు టీచరు కదూ? ఏ సబ్జెక్టు?"

"లెక్కలు," అన్నాను.

"అవునవును, లెక్కలు. మర్చిపోయాను." ఇంకో చక్కెర గడ్డ తీసుకుని, "రౌజా తెలివైన పిల్ల. ఎవరో ఒకరు ఆమెకి మంచి చెప్పాలి. పార్టీ కార్యదర్శి లుక్యానొవ్ ఇప్పటికే రెండుసార్లు అడిగాడు, మీ శాఖలో నరవాదాన్ని కాదంటున్నది ఎవరని. నేను ఆపగలిగినంత ఆపాను."

బెదిరించలేదు. గ్లాసు కింద పెట్టబోయి టీ ఒలకబోశారు. నేను తుడిచాను.

డిసెంబర్ 22

రౌజాకి చెప్పాను, ఆ అయిదు కప్పల సంగతి థీసిస్‌లోంచి తీసెయ్యమని. డిగ్రీ చేతికొచ్చాక నీ ఇష్టం వచ్చింది రాసుకో అన్నాను.

"అపా, మీరు ఒక్కమాట చెప్పండి. 214లో గీత కలిసిందా, లేదా?"

"కలిసింది."

"అయితే సమావేశంలో దాన్నే పెడదాం. కలిసి ఉంటే నేను అందరిముందూ తప్పు ఒప్పుకుంటాను."

ఆమె నన్ను నమ్మింది. అందుకే అడిగింది.

1952 జనవరి 17

సమావేశం రెండు గంటలు జరిగింది. శాఖలో అందరూ, లుక్యానొవ్‌తో సహా. రౌజా మాట్లాడింది. అయిదు కప్పల స్లైడులు చూపించింది.

"మిగతా కప్పలో?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"నేలమాళిగలో ఉన్నాయి. చలిలో."

"చలిలో నరం చావదని తెలిసీ అక్కడ పెట్టిందెవరు?"

రౌజా నావైపు చూడనైనా లేదు. "నేనే. జబ్బు పాకుతుందని," అంది.

తర్వాత 214. మైక్రోస్కోపు బల్ల మధ్యలో పెట్టారు. ఒక్కొక్కరూ వెళ్లి వంగి చూసి, "చూశాను" అని వచ్చి కూర్చోవాలి. మా దగ్గర ఎప్పుడూ అలాగే చేస్తారు. లుక్యానొవ్ దీపం వెలిగించకముందే వంగి, "స్పష్టంగా ఉంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ చూశాను అన్నారు. చివరికి రౌజా వెళ్లింది. చాలాసేపు చూసింది.

"ఇందులో ఖాళీ ఉంది," అంది తలెత్తి. "బొమ్మలో కలిసింది. స్లైడులో కలవలేదు. అపా, మీరే వేశారుగా. చెప్పండి."

సమావేశంలో అందరిముందూ అపా అంది.

ప్రొఫెసర్ గారు నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ముసలికళ్లు, నీళ్లు తిరిగి ఉన్నాయి. ఆ గదిలో నా మాటకి విలువుంది. ఎవరి జోలికీ పోని మనిషి, అబద్ధం చెప్పదు అని నాకు పేరు.

"బొమ్మ ఒక్క 214 నుంచి వెయ్యలేదు," అన్నాను. "ఆ కలిసే చోటు పక్క ముక్కలో, 215లో ఉంది. రెండూ చూసి ఒకే బొమ్మ చేశాను. పద్ధతి అదే."

"215 ఎక్కడుంది?" అని అడిగింది రౌజా.

"యుద్ధంలో సామాన్లు తరలించేటప్పుడు పగిలిపోయింది."

ఆమె కుర్చీలో కూర్చుని తన స్లైడుల పెట్టె మూత నెమ్మదిగా వేసింది. తర్వాత లుక్యానొవ్ చాలా మాట్లాడాడు. నాకు ఒక్క ముక్కా గుర్తులేదు.

జనవరి 18

215 పగిలిపోయిందని చెప్పాను. నల్ల పెట్టెలో 214 ఉన్న గడి పక్క గడిలోనే ఉంది.

జనవరి 19

పగలగొట్టాను. ఇప్పుడది అబద్ధం కాదు.

జనవరి 30

పరిశోధక విద్యార్థుల జాబితాలోంచి రౌజా పేరు తీసేశారు. కారణం "శాస్త్రంపై తప్పుడు దృక్పథం". దూరపు జిల్లాలో పల్లెటూరి బడిలో టీచరు పని ఇచ్చారు. బయాలజీ చెబుతుందట. పోనీలే, స్వచ్ఛమైన గాలి. ఆరోగ్యానికి మంచిది.

ఫిబ్రవరి 6

వెళ్లేముందు వచ్చింది. ఫెల్ట్ బూట్లు, తలకి శాలువా, చేతిలో ప్లైవుడ్ పెట్టె. నా దగ్గర తీసుకున్న ఏప్రాన్ ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది.

"మీ మీద కోపం లేదని చెబుతాననుకోకండి అపా. ఉంది. కడుపు రగిలిపోతోంది. యుద్ధంలో ఒకడు నా కళ్లముందు గాయపడ్డవాణ్ని వదిలేసి పారిపోయాడు. వాణ్ని క్షమించాను. వాడికి పందొమ్మిదేళ్లు."

నేను ఏప్రాన్ మడత విప్పి మళ్లీ మడతపెట్టాను.

"ఒక్కటి చెయ్యండి. ఆ పదకొండు కప్పల్నీ ఎవరూ పారెయ్యకుండా చూడండి. ఏప్రిల్ దాకా బతికితే చలిలోనైనా నరం చస్తుంది. అప్పుడు మీరే వెండి వేసి మీరే చూడండి. ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకోసం కూడా కాదు. మీరొక్కసారి చూడండి, చాలు."

"చూస్తాను," అన్నాను.

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "పోల్యా పిన్నికి చెప్పండి, ఏదైనా అయ్యాకే ముద్దలు పంచాలన్నది నిజమేనని," అంది.

ఆమె వెళ్లాక ఏడ్చాను. తలుపు గడియ వేసి, కుళాయి విప్పి ఏడ్చాను.

ఫిబ్రవరి 8

లుక్యానొవ్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: ఆపేసిన ప్రయోగాల జంతువుల్ని తీసెయ్యాలి. ఎర్రదారాలు విప్పేసి పదకొండింటినీ మామూలు కప్పల తొట్టి పక్కన చిన్న జాడీలో పెట్టాను. దారాలు జేబులో వేసుకున్నాను. పోల్యా పిన్ని చూసింది.

"నాకేం కనబడలేదు," అంది. "కంట్లో శుక్లాలు కదా."

మార్చి 20

నాలుగు చచ్చాయి. ఏడు.

ఏప్రిల్ 21

మంచు కరిగింది, వీధులన్నీ నీళ్లు. ఏడింటినీ కోసి క్లోమాలు తీశాను. అందరూ వెళ్లాక కాదు, పట్టపగలే చేశాను. నా పనే అది, ఎవరడుగుతారు?

ఏప్రిల్ 25

వెండి ఇంత బాగా నాకు ఎప్పుడూ రాలేదు. నేపథ్యమంతా లేత బంగారు రంగు, పోగులు కాటుక గీసినంత నలుపు.

ఏడింటిలోనూ ఒకటే. వేగస్ పోగులు తెగి పూసలయ్యాయి. వల నిండుగా, హాయిగా, ఒక్క ముడి ఊడకుండా ఉంది. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఎప్పుడూ లేదు.

రౌజా, చూశాను.

కళ్లు తీయబుద్ధి కాలేదు. చాలా అందంగా ఉంది. పదిహేనేళ్లుగా నేను చూడననుకున్నది ఎదురుగా ఉంటే భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. రేపు ప్రొఫెసర్ గారికి చూపిస్తాను. చూపించి తీరతాను. ఆ పిల్లని వెనక్కి పిలిపించాలి.

ఏప్రిల్ 26

చూపించాను.

చాలాసేపు చూశారు. మర తిప్పుతూ, స్లైడు జరుపుతూ, గడియారం కొట్టేదాకా చూశారు. తలెత్తినప్పుడు పదేళ్లు పెద్దవారైనట్టున్నారు.

"ఇంత మంచి వెండి మన శాఖలో ఎవరికీ రాలేదు అగ్నియా ల్వోవ్నా."

"ఇవి నరం కోసిన కప్పలు. రౌజావి."

"ఏవీ? నరం కోసిన కప్పలకి ఎర్రదారం ఉంటుంది కదా."

"విప్పేశాను."

"మరి ఇంకేం? మామూలు కప్పలు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "మాస్కో నుంచి ఉత్తరం వచ్చింది, పుస్తకం రెండో ముద్రణ వేస్తారట. పాత ఆరో బొమ్మ మసకబారింది. దీన్ని చూసి కొత్తది వెయ్యండి. వల ఎంత స్పష్టంగా ఉందో చూడండి! నరం మాత్రం కొంచెం చెదిరింది. మీరు సరిచెయ్యగలరు."

ఆ వల నరం కాదని రుజువు చేసిన ముక్కనే, నరమని చూపించడానికి బొమ్మ వెయ్యాలి. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"మీకు తెలుసు కదా," అన్నాను. ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

"నాకు అరవై ఆరేళ్లమ్మా," అన్నారు. స్లైడు తీసి నా చేతికిస్తూ, "మీ పత్రం మీద సాక్షి సంతకం నాది. నేను వెళ్లిపోతే ఈ కుర్చీలోకి లుక్యానొవ్ మనిషి వస్తాడు. పాత పత్రాలు తిరగేస్తాడు. నేను మీకు చెడు కోరి చెప్పడం లేదు," అన్నారు.

నిజంగానే కోరి చెప్పలేదు. అది నాకు తెలుసు.

ఏప్రిల్ 27

చీటీలు రాశాను. "కప్ప, మామూలు." ఏడు చీటీలు.

మే 3

బొమ్మ పూర్తయింది. వల ఉన్నదున్నట్టు వచ్చింది, దానికి నేనేమీ చెయ్యనక్కర్లేకపోయింది. పూసలుగా తెగిన వేగస్‌ని మాత్రం ఒక్కో పూసా కలుపుతూ నిండు పోగు చేశాను. చచ్చిన నరం లేచి కూర్చుంది. మా నాన్న ప్రతి శవపేటిక దగ్గరా నిలబడి, వీళ్లు మళ్లీ లేస్తారు అనేవారు. చిన్నప్పుడు నేను శవం వేళ్లవంకే చూస్తూ ఉండేదాన్ని, ఎప్పుడు కదులుతాయా అని.

చివర్న ఆ ఖాళీ మిగిలింది. టీ తాగి వచ్చి కలుపుదామనుకుని లేచాను. వచ్చి చూస్తే కలిపే ఉంది. ఎప్పుడు కలిపానో గుర్తులేదు.

బొమ్మ చాలా బాగుందని అందరూ అన్నారు.

మే 29

పోస్టుకార్డు వచ్చింది. బడి చిరునామా. పేరు లేదు, తేదీ లేదు. మధ్యలో రెండు మాటలు.

"అపా, చూశారా?"

మే 30

నాలుగు కార్డులు పాడుచేశాను. మొదటిదాంట్లో చూశాను అని రాశాను. చింపేశాను. చూశానంటే, తర్వాత ఏం చేశారని అడుగుతుంది. అడక్కపోయినా అనుకుంటుంది. కార్డు దారిలో ఎవరైనా చదవొచ్చు కూడా. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె మంచి కోసం కూడా ఆలోచించాలి కదా. అక్కడ ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. ఆశపెట్టడం పాపం.

అయిదోది పోస్టు చేశాను:

"ప్రియమైన రౌజా, కప్పలన్నీ ఫిబ్రవరి చలికే చచ్చిపోయాయి. చూడటానికి ఏమీ మిగల్లేదు. ఆరోగ్యం జాగ్రత్త. అగ్నియా ల్వోవ్నా."

తిరిగొచ్చి రిజిస్టరు ముందు పేజీలు తీశాను. మార్చి 20 కింద "నాలుగు, చచ్చాయి", ఏప్రిల్ 21 కింద "ఏడు, కోశాను" అని ఉన్నాయి. రెండింటినీ బ్లేడుతో జాగ్రత్తగా గీకి, ఫిబ్రవరి పేజీలో "పదకొండు, చలికి" అని రాశాను. సిరా ఆరేదాకా ఊదాను. గీకిన చోటు తెలియడం లేదు, నా చెయ్యి మంచిది.